రంగులేసిన ఇంజను

బండమీది తండాల ఫకీరా ఇంట్ల దూలానికి ఒక సంచి ఏలాడుతుండె. యూరియా బస్తా లోపల తెల్లగ ప్లాస్టిక్ సంచి ఉంటది సూడుండ్రి, గది. అండ్ల ఒక కాయితం. ఇల్లు కురిసినా, బియ్యం తడిసినా, గొంగళ్లు తడిసినా మంచిదే గని గా కాయితం తడువొద్దు. ఫకీరా పెండ్లాం జమ్లీ ఏటా వానల ముందు సంచి దించి, తుడిసి, మళ్ల కట్టేది. ఆమెకు సదువు రాదు, ఆయనకూ రాదు. అయినా అండ్ల ఏం రాసి ఉన్నదో ఇద్దరికీ నోటికొచ్చు. మన నాలుగెకరాలు ఫ్యాక్టరీకిచ్చినం, మన ఇంట్ల ఒకనికి నౌకరి ఇస్తరు.

ఎనభై నాలుగుల ముచ్చట ఇది. కోదాడ దాటి జర లోపలికి పోతే వస్తది తండా. నేలంత సున్నపురాయే. జొన్నలేస్తే మూరెడు పెరిగేవి, కందులేస్తే మేకలకే సాలకపోయేవి. అసొంటి భూమి కోసం జీపులేసుకొని వచ్చిండ్రంటే ముందు ఎవ్వలూ నమ్మలే. సిమెంటు ఫ్యాక్టరీ పెడతరట, రాయి తవ్వుకుంటరట. ఎకరానికి ఇంత అని పైసలు, ఇంటికొక నౌకరి. కాయితం మీద "అర్హతను బట్టి" అని ఒక మాట రాసుండె. దాపెట్టలే పాపం, గట్టిగనే సదివి ఇనిపిచ్చిండ్రు. అందరు తలకాయలూపిండ్రు. అర్హత అంటే ఏందని అడిగినోడు ఫకీరా ఒక్కడే.

"అంటే పని వచ్చి ఉండాలి పెద్దాయనా," అన్నడు జీపు దిగిన సారు. గుట్ట కింద రోడ్డేసేటందుకు తెచ్చిన డంపరు బండి వారం దినాల సంది కదలక నిలవడ్డది. సారు దాని దిక్కు చెయ్యి సూపిండు. "అదిగో, దాన్ని బాగుచేసేవాడు ఈ చుట్టుపక్కల ఒక్కడు దొరకట్లేదు. మీ అబ్బాయికి ఆ పని నేర్పించు, మేమే ఇంటికొచ్చి తీసుకెళ్తాం."

ఆ సారు మల్ల తండాకు రానే రాలె. ఆయన పేరు గూడ ఎవ్వలకు తెల్వది. గని ఫకీరా గా మాటను గట్టిగ పట్టుకున్నడు.

కొడుకు సక్రు అప్పుడు కోదాడల హాస్టల్ల ఉండి పది సదువుతున్నడు. లెక్కలంటే పానం. హాస్టలు సారు, "ఇంటర్ల చేర్పియ్యి ఫకీరా, పిల్లగాడు టీచరైతడు" అని చెప్పిండు. ఫకీరా ఇనలే. "టీచరు నౌకరికి నా తాన కాయితం లేదు సారూ, బండి నౌకరికి ఉన్నది," అన్నడు.

రెండెడ్లల్ల ఒకటి అమ్మి, సక్రును మిర్యాలగూడల ఐటీఐల డీజిల్ మెకానిక్ కోర్సుల ఏసిండు. పేరుకు ఐటీఐ. ఒక మూతవడ్డ రైసుమిల్లు గోదాము కిరాయికి తీస్కొని పెట్టిండ్రు. ఆడ కూసుంటే ఇంకా తవుడు వాసనొచ్చేది. నలభై మంది పోరగాండ్లు, ఒక్క శంకరయ్య సారు, ఒక్క ఇంజను.

గా ఇంజను గురించి చెప్పాలె. పాత లారీ ఇంజనును నడిమికి కోసి, లోపలంత కనవడేటట్టు స్టాండు మీద నిలవెట్టిండ్రు. దానికి రంగులేసిండ్రు. డీజిలు పొయ్యే తొవ్వ పసుపు, నీళ్లది నీలం, ఆయిలుది ఆకుపచ్చ, పొగది ఎరుపు. పెండ్లి పందిరి లెక్క మెరుస్తుండేది. శంకరయ్య సారు ఒక పొడుగాటి కట్టె పట్టుకొని, "ఇది ఫీడ్ పంపు, ఇది ఫిల్టరు, ఇది డీజిలు చిమ్మే నాజిలు" అని సూపిచ్చేటోడు. ఎవడన్న చెయ్యి పెట్టబోతే కట్టె ఆ చేతి మీద పడేది.

"ముట్టకుర! రంగు పోతది. రేపు ఇన్‌స్పెక్షనొస్తే ఎవడు జవాబు చెప్పాలె?"

రెండేండ్లు. గా రెండేండ్లల్ల సక్రు ఒక్క బోల్టు ఇప్పలే, ఒక్క నట్టు బిగించలే. సారు చెడ్డోడేం గాదు, ఆయన గూడ అట్లనే సదువుకున్నడు. సక్రు మాత్రం బుద్ధిగల్లోడు గదా, రంగు పెన్సిళ్లు కొనుక్కొని ఆ ఇంజను బొమ్మ ఎంత మంచిగ గీసిండంటే సారు దాన్ని అద్దం కట్టించి గోడకు పెట్టిండు. ఎనభై ఏడుల ఫస్ట్ క్లాసుల పాసయిండు. తండాల అందరికీ బెల్లం పంచింది జమ్లీ.

ఇగ బయలెల్లిండ్రు తండ్రీ కొడుకులు. ఫకీరా కొత్త తలపాగ చుట్టిండు, సంచి దించి సంకల పెట్టుకున్నడు. ఫ్యాక్టరీ గేటుకాడ పెద్ద బోర్డు, "మెకానిక్కులు కావలెను." సక్రు సదివి చెప్పంగనే ఫకీరా ఆ బోర్డుకు దండం పెట్టినంత పని చేసిండు.

లోపల ఆఫీసుల సత్యానందం అని గుమాస్తా. కోదాడల కాపురం, ఆదివారం చర్చిల పాటలు పాడుతడు, మనిషి మెత్తన. కాయితం సూసిండు, సర్టిఫికెట్ సూసిండు. "బాగుంది బాబూ, ఫస్ట్ క్లాసే. రా, ఇంజనీరు గారు చిన్న టెస్టు పెడతారు," అని షెడ్డుకు తోల్కపోయిండు.

ఆడ డంపరు బండి నోరు తెరుసుకొని ఉన్నది. ఇంజను బయటికి కనవడుతుంది. ఇంజనీరు సారు పానా సక్రు చేతుల పెట్టి, "డీజిలు ఫిల్టరు ఇప్పు," అన్నడు. అంతే. మెకానిక్ పనిల అ ఆ లసొంటిది.

సక్రు సూసిండు. అంత నలుపే. మట్టి, గ్రీజు, మసి. ఏ పైపు ఏడికి పోతుందో తెల్వది. పసుపు పచ్చ తొవ్వ యాడున్నదని కండ్లతోని ఎతికిండు. ఎంత ఎతికినా నలుపే. పానా ఒక పైపుకు పెట్టి తీసిండు, ఇంకోదానికి పెట్టి తీసిండు. ఆఖరుకు, "సార్, పసుపు రంగుదేది సార్?" అని అడిగిండు.

ఒక్క నిమిషం ఎవ్వలకు సమజు కాలె. సమజైనంక నవ్విండ్రు. డ్రైవర్లు నవ్విండ్రు, హెల్పర్లు నవ్విండ్రు, ఇంజనీరు సారు నవ్వుకుంట, "రంగులేయించాకా కబురు చేస్తాంలేవయ్యా," అన్నడు. ఒక్క సత్యానందమే నవ్వలే. బయటికి తోల్కొచ్చి మెల్లగ చెప్పిండు. "ఏమనుకోకు బాబూ. నీ దగ్గర చదువుంది, చేతిపని లేదు. ఎక్కడైనా మూడేళ్లు చేసి, అనుభవం ఉందని కాయితం పట్టుకురా. మీ నాన్న కాయితం ఎక్కడికీ పోదు."

గేటు బయట ఫకీరా నిలవడి ఉండె. "ఇచ్చిండ్రా?"

"ఇస్తరట బాపూ. జర ఆగుమన్నరు."

సూర్యాపేటల హైదరాబాద్ రోడ్డు మీద జానయ్య మేస్త్రి షెడ్డంటే తెల్వని లారీ డ్రైవరు లేకుండె. నాలుగు రేకులు, ఒక చైను కప్పి, నేలంత నల్లటి ఆయిలు. జానయ్య బడి మొఖం సూడలే. సక్రు పోయి నిలవడితే కింది నుంచి మీది దాక సూసిండు.

"ఏం వచ్చు?"

"ఐటీఐ చేసిన. ఫస్ట్ క్లాసు."

"అబ్బో! మరి నాకెందుకొచ్చినవ్ బిడ్డా? నువ్వు బల్ల మీద కూసో, నేను నేర్చుకుంట."

సక్రు అబద్ధమాడెటోడు కాదు. ఫ్యాక్టరీల అయిన ముచ్చట, రంగులతో సహ చెప్పిండు. జానయ్య నవ్వి నవ్వి దగ్గొచ్చి, బీడి పారేసి, కండ్లు తుడుసుకొని, "గా డబ్బల డీజిలున్నది, సామాను కడుగుపో. నా తాన రంగులుండయి మల్ల, ఏమనుకోకు," అన్నడు.

ఏడాది సామాను కడిగిండు. అప్పటికే ఇరవై దాటిన మనిషి. చేతులు పగిలినయి. సర్టిఫికెట్ తీస్కొని ట్రంకుపెట్టెల అడుగున పెట్టిండు. జానయ్య ఇయ్యాల తిడితే రేపు నేర్పేటోడు. ఒకపారి పెద్ద స్క్రూడ్రైవరు తెచ్చి, దాని మొన ఇంజను మీద ఆనిచ్చి, పిడి సక్రు చెవికి పెట్టిండు.

"ఏమినవడుతుంది?"

"చప్పుడు."

"థూ! చప్పుడు నాకూ ఇనవడుతుంది. ఆరు సిలిండర్లంటే అండ్ల ఆరుగురు మనుషులు ఒడ్లు దంచుతున్నరనుకో. ఐదుగురు మంచిగ దంచుతున్నరు, ఒకడు రోకలి ఊకె లేపి దించుతున్నడు, దొంగ. వాడెవడో చెప్పు."

సక్రుకు గా మాట అతికింది. వాళ్ల యాడి, అంటే తల్లి జమ్లీ, ఇంకో నలుగురితోని దంచుతుంటే చిన్నప్పుడు పక్కకు పండుకొని ఇన్నోడే గదా. కండ్లు మూసుకొని ఇన్నడు. మూడో మనిషి. జానయ్య ఇప్పి సూసిండు, మూడో నాజిలే. ఆ దినం చాయ తన గ్లాసుల పోసి ఇచ్చిండు.

ఇగ గాడికెల్లి సక్రు చెవి గురించి మునగాల దాబాల కాడ డ్రైవర్లు చెప్పుకునేటోళ్లు. బండి రోడ్డు మీదికెల్లి షెడ్డు దిక్కు మలుగుతుండంగనే, ఇంకా ఆగనే ఆగలే, "పంపు పోయింది," "వాల్వు కాలింది," అని చెప్పేటోడు. పందేలు గట్టి ఓడిపోయినోళ్లు శానమంది.

మధ్యల పెండ్లయింది, మోతె దిక్కు పిల్ల, రంగి. నోరు జాస్తి, పని అంతకన్న జాస్తి. తండాల అత్తమామల తాన ఉండి, వాళ్లిచ్చిన భూమిలనే క్వారీ కూలికి పొయ్యేది. మొగడు నెలకోపారి వస్తే చేతులు పట్టుకొని సూసేది. "నీ చేతులు సూస్తే నీళ్లు తాగబుద్ధి కాదయ్యా. ఇంకెప్పుడిస్తరు నౌకరి? మీ బాపు రోజు సంచి దిక్కు సూస్తుండు, నా దిక్కు సూస్తుండు."

మూడేండ్లన్నది ఆరేండ్లయింది. ఎందుకంటే సక్రుకు భయం. మల్ల నవ్వుతరేమో. ఇంక జర నేర్చుకొని పోదం, ఇంక జర. డంపర్లు రిపేరుకు సూర్యాపేట దాక రావు గదా, లారీ ఇంజనొచ్చు గని డంపరుదొస్తదా అని ఒక అనుమానం. ఇంకోటి, జానయ్యకు నడుము పట్టేసి లేవలేకపాయె. షెడ్డు మొత్తం సక్రు మీదనే పడ్డది. అసొంటి మనిషిని ఇడిసిపెట్టి ఎట్ల పోతడు? తొంభై మూడుల జానయ్య కొడుకులు ఆ జాగను టిఫిన్ హోటలుకు కిరాయికిచ్చిండ్రు. రేకులు పీకిండ్రు. అప్పుడు జానయ్య మంచంల ఉండే పిలిచిండు.

"గా ఫ్యాక్టరీకి కాయితం కావాలంటివి గదర? రాయి, ఏలుముద్రేస్త."

సక్రే రాసిండు. ఆరేండ్లు నా తాన పని చేసిండు, ఇంజను పని మొత్తం వచ్చు, మనిషి నమ్మకస్తుడు. సిరా డబ్బ తెమ్మని కోడలిని పిలవబోతే జానయ్య వద్దన్నడు. "నా ఏలుకు సిరా ఎందుకురా, ఆయిలున్నది గదా." నలభై ఏండ్ల ఆయిలు మరి, మంచం పట్టినా పోతదా? జర ఉమ్ము తడి చేసి ఒత్తితే నల్లగ పడ్డది ముద్ర.

మల్ల పోయిండ్రు తండ్రీ కొడుకులు. ఈపారి ఫకీరాకు కట్టె లేంది నడక లేదు. గేటుకాడ బోర్డు అట్లనే ఉన్నది, కొత్తగ రంగేసిండ్రు. "మెకానిక్కులు కావలెను."

ఆఫీసు ముంగట ఒక డంపరు ఆగి గురగురమంటున్నది. ఇంజనీరు సారు మారిండు. కొత్తాయన డ్రైవరు మీద ఎగురుతున్నడు, నల్లపొగ, లాగుత లేదు, మూడు దినాలాయె. సక్రు దూరం కెల్లే ఇన్నడు. ఆరుగురు దంచుతున్నరు. ఐదో మనిషి దొంగ. చేతులు ఆగలే. పోయి, "సార్, ఐదో నాజిలు సార్," అన్నడు.

"ఎవడయ్యా నువ్వు?"

"జర పానా ఇయ్యిండ్రి సార్."

అర్ధగంట పట్టింది. బండి పానం వచ్చినట్టు లేచింది. ఇంజనీరు సారు నోరు తెరిసిండు. "సత్యానందం! ఎక్కడ దొరికాడయ్యా వీడు? ఇలాంటోళ్లు లేకే కదా మనం చచ్చిపోతున్నాం. రాసేసుకో!"

ఫకీరా ఇన్నడు గా మాట. ఆయన మొఖం సూడాల్సుండె అప్పుడు. గేటు కట్టె పట్టుకొని ఆడనే కూలవడ్డట్టు కూసున్నడు, సంతోషానికి.

సత్యానందం ఫారం తీసిండు. కండ్లద్దాలు పెట్టుకొని ఒక్కొక్క గడి రాసుకుంట వచ్చిండు. రాసుకుంట వచ్చి ఆగిండు.

"సక్రూ, ఈ కాయితం ఎవరిచ్చారు?"

"మా ఉస్తాదు, జానయ్య."

"ఆ షెడ్డు రిజిస్టరు అయిందా? నంబరుందా?"

"రేకుల షెడ్డు సార్. నంబరేడిది?"

"మరి రిజిస్టరైన చోట చేసిన అనుభవమే లెక్క. ఇంకోటి, వయసు. ఇరవై ఐదు దాటకూడదు. టీసీలో నీకు ఇరవై ఎనిమిది."

"లేదు సార్, ఇరవై ఆరుంటయి. బడిల చేర్పిచ్చేటప్పుడు తల మీదికెల్లి చెయ్యి చెవికి అందలేదని సారే రెండేండ్లు ఎక్కువ ఏసిండు."

సత్యానందం కలం కింద పెట్టిండు. "ఇరవై ఆరైనా దాటినట్టే కదయ్యా. మూడేళ్లకి రమ్మంటే ఆరేళ్లకొచ్చావు." ఇంజనీరు సారు తాన పోయి చెప్పిండు. ఇంజనీరు సారు హైదరాబాదుకు ఫోను గూడ చేసిండు, కాదనొద్దు. ఆడికెల్లి ఒక్కటే మాట, కాయితాలు సరిగ లేనోణ్ణి తీసుకోవద్దు, పెద్ద బండికి ఏమన్నయితే ఎవరు బాధ్యులు? ఫోను పెట్టేసి ఆయన సక్రు భుజం తట్టిండు. "మంచి చెయ్యయ్యా నీది," అని ఎల్లిపోయిండు.

ఆ సర్టిఫికెట్ ఉన్నప్పుడు పని రాలె. పని వచ్చినంక సర్టిఫికెట్‌కు వయసు దాటింది. రెండూ ఉన్న ఏడాది ఒక్కటన్న లేకపాయె గదా వాని బతుకుల.

"ఒక దారుంది," అన్నడు సత్యానందం, తలకాయ వంచుకొనే. "భూములిచ్చినవాళ్ల స్కీము ఈ మార్చితో అయిపోతుంది. ఆ తర్వాత మీ నాన్న కాయితానికి విలువుండదు. క్రషర్ దగ్గర కాంట్రాక్టు లేబరు పనుంది. అది చదువు లేనివాళ్లకే. చదువుకున్నవాణ్ణి తీసుకుంటే రేపు మెకానిక్కు జీతం అడుగుతారని కాంట్రాక్టరు భయం. చదువు అన్నచోట లేదు అని రాస్తాను. సంతకం పెట్టకు. వేలిముద్ర వెయ్యి."

కిటికీలకెల్లి తండ్రి కనవడుతుండు. ఫకీరా వాచ్‌మన్‌కు చెప్తున్నడు, నా కొడుకు గింత పొడుగు బండిని అర్ధగంటల లేపిండు, సారే రాసుకోమన్నడు అని.

"ఇంకొక్క మాట," అన్నడు సత్యానందం. "అక్కడ ఇంజను జోలికి మాత్రం పోకు. పని వచ్చని తెలిస్తే, అబద్ధం రాయించాడని ఇది కూడా తీసేస్తారు."

స్టాంపు ప్యాడు ముంగటికి జరిపిండు. సక్రు ఏలు దిక్కు సూసుకున్నడు. ఆయిలు నలుపు. ప్యాడు అక్కర లేకుండనే ఒత్తిండు. జానయ్య ముద్ర లెక్కనే పడ్డది. సత్యానందం ఫకీరా కాయితం తీస్కొని, దాని మీద అడ్డంగ రెండు గీతలు గీసి, ఫైలుల పెట్టుకున్నడు. ప్లాస్టిక్ సంచి ఒట్టిది చేతికిచ్చిండు.

"ఇచ్చిండ్రా?" అన్నడు ఫకీరా.

"ఇచ్చిండ్రు బాపూ."

"బండి పనేనా?"

"బండ్ల కాడనే."

తండాల జమ్లీ మల్ల బెల్లం పంచింది. ఈపారి రంగి తన వంతు బెల్లం పక్కకు పెట్టింది, ఆమెకు క్వారీల ఏ పని ఎవరికిస్తరో మొత్తం తెలుసు గదా. అయినా మామ ముంగట నోరు మెదపలే. అంత నోరుగల్ల మనిషి. ఫకీరా ఆ ఏడు ఎండకాలం దాటలే. కొడుకు మెకానిక్ అనుకునే పోయిండు. గా నమ్మకమొక్కటి ఆయనకు మిగిలింది.

ఇప్పుడు సక్రు, రంగి ఇద్దరూ క్రషర్ కాడనే. ఆయన రాళ్లు తట్టకెత్తితే ఆమె మోస్తది. వాళ్ల నాలుగెకరాలు ఇప్పుడు తాటిచెట్టు లోతు గుంత, అండ్లకెల్లి డంపర్లు రాయి తెచ్చి పోస్తయి. లేబరు మేస్త్రి పెంటయ్య ఈల ఊదితే ఎత్తాలె, ఊదితే దించాలె. దినమంతా బండ్లు వస్తుంటయి, పోతుంటయి. ప్రతి బండి సక్రుకు ఇనవడుతుంది, ఇనొద్దనుకున్నా.

మొన్న తొంభై ఐదుల, వానల ముందు, పెద్ద డంపరు ఒకటి క్రషర్ ముంగటనే నిలిచిపోయింది. బెజవాడ కెల్లి మెకానిక్కులొచ్చిండ్రు, ఇద్దరు, తెల్లటి డ్రెస్సులు, మెళ్ల కార్డులు. ఒక దినమాయె, రెండు దినాలాయె. ఇప్పినయి బిగిస్తున్నరు, బిగించినయి ఇప్పుతున్నరు. మూడో దినం ఇంజనీరు సారే వచ్చి ఎండల నిలవడి మొత్తుకుంటున్నడు. "మూడు రోజుల నుంచి ఉత్పత్తి ఆగిపోయింది! బోర్డు పెట్టి ఎన్నేళ్లయింది? ఈ ప్రాంతంలో పని వచ్చినవాడు ఒక్కడంటే ఒక్కడు లేడా?"

పది అడుగుల దూరంల సక్రు. తల మీద తువాల, మొఖమంత తెల్లటి దుమ్ము. ఇంజనీరు సారు కండ్లు ఆయన మీద పడ్డయి, పోయినయి. రెండేండ్ల కింద భుజం తట్టిన మనిషి. గుర్తుపట్టలే.

మెకానిక్ తాళం తిప్పి బండిని ఒకపారి చాలు చేసిండు. సక్రు చేతుల పార ఆగింది. కండ్లు మూసుకున్నడు. రెండో మనిషి.

రంగి ఖాళీ తట్ట నడుముకు పెట్టుకొని దగ్గరికొచ్చింది. మొగని మొఖం సూసి సమజు చేసుకున్నది.

"తెలిసిందా?"

"ఊఁ."

"ఐదు నిమిషాల పనేనా?"

"ఐదు గూడ వట్టది."

"మరి పోయి చెప్పరాదయ్యా! సారు గట్ల మొత్తుకుంటుండు."

పెంటయ్య ఈల ఊదిండు. సక్రు పార ఎత్తి ఆమె తట్టల రాళ్లు పోసిండు.

"సదువు రానోనికి అయన్ని ఎట్ల తెలుస్తయే? మొయ్యి."

ఆమె ఎత్తుకున్నది.